మూట దించి ఎగరవలెను

పొద్దున్నే ఐదున్నరకి అలారం మోగకముందే కాటా అక్క లేచి కూర్చుంటుంది. ఆ అలారం ఆవిడ కోసం పెట్టింది కాదు, పక్క గదిలో పడుకున్న తమ్ముడి కోసం. వాడికది వినపడదు. మోగీ మోగీ అదే అలిసిపోయి ఊరుకుంటుంది. అప్పుడావిడ వెళ్ళి మంచం కోడుని కాలితో ఒక తాపు తంతుంది. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో తెల్లారడమంటే ఆ తాపే.

"లేస్తున్నా," అంటాడు కళ్ళు తెరవకుండా.

"లేచినవాడు లేస్తున్నా అనడు."

వాడు లేచేటప్పుడు మోకాళ్ళు రెండూ పాత తలుపు బందుల్లా కిర్రుమంటాయి. వంటింట్లో స్టవ్ మీద టీ మరుగుతుంటే, దాని పక్కనే తీగ మీద వాడి మేజోళ్ళు ఆరుతుంటాయి. ఇల్లంటే రెండు గదులు, కొండ కింద. ముందు గదిలో మనుషులకున్న చోటు కంటే సామానుకున్న చోటే ఎక్కువ. మేకులకి, ఎగిరేటప్పుడు ఒంటికి కట్టుకునే రెండు హార్నెస్‌లు వేలాడుతుంటాయి, కాళ్ళూ చేతులూ తీసేసిన మనుషుల్లా. గోడ ఈ మూల నుంచి ఆ మూలకి కట్టిన తాడు మీద పారాగ్లైడర్ రెక్క పరిచి ఉంటుంది. తడి రెక్క సరిగ్గా లేవదు. అంచేత ముందు రెక్క ఆరాలి, తర్వాత మనుషులు. ఆవిడ తువ్వాలు రెండేళ్ళుగా తలుపు మీదే ఆరుతోంది.

ఇద్దరికీ ఇంకెవరూ లేరు. ఆవిడకి పెళ్ళయింది, నాలుగేళ్ళకి అయిపోయింది కూడా. వాడికి కాలేదు. సంబంధాలు వచ్చినప్పుడల్లా వీడు గాల్లో ఉన్నాడని ఆవిడ చెబుతుంది. అది సగం వేళాకోళం, సగం నిజం. వాడి పనే అది. కొండ చూడ్డానికొచ్చిన వాళ్ళని తన ముందు కట్టుకుని, నెత్తి మీద రెక్క లేపి, నాలుగడుగులు పరిగెత్తి, అంచు దాటి గాల్లోకి నడిచిపోవడం. పావుగంటలో కింద మైదానంలో దిగడం, రెక్క మడవడం, జీపెక్కి మళ్ళీ పైకి రావడం. సీజన్‌లో రోజుకి ఎనిమిది సార్లు.

ఆవిడ పని కొండ మీద, ఎగిరే చోట. అక్కడ ఏటవాలు నేల మీద ఆకుపచ్చ రంగు తివాచీ పరిచి ఉంటుంది. దాని పక్కన గాలి దిక్కు చెప్పే గుడ్డ గొట్టం, ఒక షెడ్డు, షెడ్డు ముందు బల్ల, బల్ల పక్కన కాటా. మూతబడిన ఏదో గోడౌన్‌లోంచి తెచ్చిన పాత ఇనప కాటా అది. పళ్ళెమంత గుండ్రటి ముఖం, మధ్యలో ఎర్ర ముల్లు. ఎగరబోయే ప్రతి మనిషినీ ఆవిడ దాని మీద నిలబెట్టి, ముల్లు ఆగాక బరువు రిజిస్టర్‌లో రాయాలి. ప్రతి రెక్కకీ ఒక హద్దుంది. ఎగిరేవాడు, ఎక్కేవాడు, సామాను, అన్నీ కలిపి రెండొందల కిలోలు. హద్దు దాటితే రెక్క మొహమాటపడదు.

ఆ కాటా మనిషి బరువుతో పాటు అలసట బరువు కూడా చూపిస్తుంది. ఆ మాటకొస్తే అన్ని కాటాలూ చూపిస్తాయి. మందుల షాపు ముందు నిలబడి చూసుకునేవాళ్ళు పావు కిలో అటూ ఇటూ అయితే చెప్పుల మీదకి తోసేస్తారు, అంతే తేడా. ఇక్కడ అలా తోసేస్తే ప్రాణం పోతుంది కనక షెడ్డు గోడ మీద బోర్డు పెట్టారు: మూట దించి ఎగరవలెను. దిగిన చోట తిరిగి తీసుకొనవలెను. మరచిన మూటలకు యాజమాన్యము బాధ్యత వహించదు.

దించడం పెద్ద విద్యేం కాదు. షెడ్డులో బెంచీ ఉంటుంది. కూర్చుని, సంచి మూతి విప్పి ఒళ్ళో పెట్టుకుని, తోచింది దాంట్లోకి చెప్పుకోవచ్చు, ఏమీ చెప్పకుండా ఊపిరి వదలొచ్చు. సంచి నెమ్మదిగా నిండుతుంది. కాటా అక్క మూతి బిగించి, చీటీ కట్టి, జీపులో కిందికి పంపిస్తుంది. ఇందులో ఆవిడ చూడని రకం లేదు. కొత్తగా పెళ్ళైన వాళ్ళకి రెండు కిలోలు, అదీ బంధువులది. ఆఫీసుల వాళ్ళకి పది, పన్నెండు. "నాకేం అలసట, నేను రోజూ ఎక్సర్‌సైజ్ చేస్తాను" అనే మగాళ్ళు ఇరవయ్యొకటికి తగ్గరు. ఇక ఆడవాళ్ళు కాటా ఎక్కుతూనే "నాదేముంది లెండి" అంటారు. ఆ మాట వినపడగానే ఆవిడ పెద్ద సంచి తీసి పక్కన పెట్టుకుంటుంది.

కొందరు కింద మైదానంలో దిగి, మూట తీసుకోకుండా వెనక గేటులోంచి జారుకుంటారు. హాయిగా పోయారనుకుంటాం. నాలుగో రోజు ఫోన్ చేస్తారు, ఏదో మర్చిపోయామండీ, ఏమిటో గుర్తు రావడం లేదు, చేతులు ఖాళీగా ఉన్నట్టుంది అని. మళ్ళీ వచ్చి పట్టుకుపోతారు. తనది కాని మూట ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. ఎవరిది వాళ్ళకే కొంచెం తేలిక.

ఇంతమంది చేత దింపించిన కాటా అక్క, తమ్ముడి చేత ఒక్కసారి కూడా దింపించలేకపోయింది. మొదట్లో చెప్పేది. వాడు నవ్వేవాడు. అరగంటలో మళ్ళీ ఎక్కాలి కదా, విప్పడం కట్టడం ఎవడు చేస్తాడు, సీజన్ అయ్యాక ఒకేసారి దింపుతాలే అనేవాడు. సీజన్ అయ్యాక రెక్కలు కుట్టడం, తాళ్ళు కొలవడం ఉండేవి. అలా మొదటి ఏడాది అరవై ఆరున్న వాడు, పిసరంత ఒళ్ళు చెయ్యకుండానే డెబ్బైకొచ్చాడు, డెబ్బై రెండుకొచ్చాడు. ఒళ్ళు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అరవై ఒకటే. ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు.

ఎగిరేవాడి బరువు ఎనభై అయిదు దాటితే దింపెయ్యాలని ఓనరు రూలు. ఆయన ఎప్పుడూ నెత్తి మీద టోపీతో ఉంటాడు కనక అందరూ టోపీ అంటారు. ఆ రూలు మాత్రం న్యాయమైనదే. రెండేళ్ళ కింద ఓ పొద్దున ముల్లు ఎనభై ఆరు దగ్గర ఆగింది. తమ్ముడు అక్క మొహం వంక చూశాడు, ఆగిన పెన్ను వంక చూశాడు.

"నన్ను దింపెయ్యకు అక్కా," అన్నాడు. "నేల మీద నాకేం వచ్చు?"

ఆవిడ డెబ్బై రెండు అని రాసింది. ఊళ్ళో ఎవడికీ మొహమాటపడని మనిషి. టోపీని మొహం మీదే కడిగేస్తుంది. కానీ మొహమాటం అన్నది ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది, ఆవిడది తమ్ముడి దగ్గర దాక్కుంది. ఆ తర్వాత రోజూ డెబ్బై రెండే. వాడు కాటా ఎక్కడం కూడా మానేశాడు. మొన్నామధ్య రెక్క సర్దుతూ పొరపాటున కాటా మీద కాలేస్తే ఆవిడ ఓరకంట చూసింది, నూట మూడు. సామాను ముప్పై. అంటే వాడితో ఎక్కేవాళ్ళు అరవై ఏడు దాటకూడదు. అందుకని బక్కవాళ్ళని ఏరి తమ్ముడికి పంపేది, లావాటి వాళ్ళందరినీ రెండో ఎగిరేవాడు పొడుగాయన మీదికి తోసేది. మీ తమ్ముడికి చిలకలు, నాకు ఏనుగులా అక్కా అని ఆయన నవ్వుతూనే ఏడ్చేవాడు.

రెక్క హద్దు దాటనివ్వలేదు. అది చాలనుకుంది. అలసట రెక్కనొక్కదాన్నే లాగదని, కళ్ళనీ చెవులనీ చేతి వేళ్ళనీ కూడా లాగుతుందని ఆవిడకి తెలియదా? తెలుసు. తెలిసిన సంగతిని పక్కన పెట్టడంలో తెలివైనవాళ్ళే ఎక్కువ నేర్పరులు.

*

సీజన్ చివరి వారంలో ఒక గురువారం. తొమ్మిదింటి దాకా మంచు కదల్లేదు. చీటీలో ఎనిమిది మంది. మంచు విడేసరికి అందరూ తివాచీ చుట్టూ మూగి ఉన్నారు. టోపీ గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు, తను తిరిగితే గాలి తిరుగుతుందన్నట్టు.

మొదటి పేరు ఒక పెద్దావిడది. ఒక్కతే వచ్చింది. కాళ్ళకి కొత్త కాన్వాస్ బూట్లు, మడమ దగ్గర ధర చీటీ ఇంకా అలాగే ఉంది. చెయ్యి పట్టుకుంటే చీపురుపుల్ల పట్టుకున్నట్టుంది. కాటా అక్క కంటితోనే నలభై నాలుగు అనుకుని, తమ్ముడికి సరిపోయిందని మనసులో టిక్కు పెట్టుకుంది.

"నాదేముందమ్మాయ్," అంటూ పెద్దావిడ కాటా ఎక్కింది.

ముల్లు పోయింది. పోయి పోయి నూట ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది.

టోపీ వచ్చి కాటాని బూటుతో తన్నాడు. ముల్లు కదల్లేదు. కాటా అక్క అడక్కపోయినా పెద్దావిడే చెప్పింది, వాన వస్తుందేమో అన్నంత మామూలుగా. ఆయన పదకొండేళ్ళు మంచం మీద ఉన్నాడు. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. పోయిన నెల పోయాడు. ఇప్పుడు కూడా రెండు గంటలకోసారి మెలకువ వస్తోంది. తిప్పడానికి ఎవరూ లేరు. అందుకని ఎక్కడికైనా ఎగురుదామనిపించింది.

షెడ్డులో బెంచీ నిండిపోయింది. పెద్దావిడ తనకి గాలి ఆడే చోటు కావాలని తివాచీ అంచున గడ్డి మీద కూర్చుంది. మామూలు సంచులు రెండు నిండి ఇంకా చాలకపోతే, కాటా అక్క రెక్కలు సర్దే పెద్ద సంచి తెచ్చి పెద్దావిడ చేతే ఆ రెండూ అందులో వేయించి మూతి విప్పి పెట్టింది. పెద్దావిడ దాంట్లోకి ఏమీ చెప్పలేదు. నలభై నిమిషాలు ఊపిరి వదిలింది, అంతే. లేచి కాటా ఎక్కితే నలభై నాలుగు.

ఎగిరే ముందు చెయ్యాల్సినవి తొమ్మిది. తమ్ముడికి పని నేర్పిన ముసలాయన పెట్టిన వరస అది. ప్రతిదాని మీదా చెయ్యి పెట్టాలి, పైకి చెప్పాలి. హెల్మెట్, ఛాతీ పట్టీ, కుడి కాలు, ఎడమ కాలు, కొక్కేలు, ప్యారాచూట్ పిన్ను, తాళ్ళు, గాలి, ఆకాశం. మధ్యలో ఎవరు పిలిచినా, దేవుడే పిలిచినా, మళ్ళీ మొదటి నుంచి. ఎక్కడ ఆపావో గుర్తుంది కదా అని అక్కణ్ణించి ఎత్తుకోకు, గుర్తుండటమే ప్రమాదం అనేవాడాయన. ఆ తర్వాత రెండో మనిషి వచ్చి అన్నిటి మీదా మళ్ళీ చెయ్యి పెట్టాలి. ఆ రెండో మనిషి కాటా అక్క. పెద్దావిడ పట్టీలన్నీ ఆవిడే కట్టి, ప్రతి బకిల్‌నీ లాగి చూసింది. పొడుగాయన పట్టీలనీ రోజూ లాగి చూస్తుంది. తమ్ముడి దగ్గర మాత్రం రెండేళ్ళుగా చెవితోనే పని కానిస్తోంది. పద్నాలుగేళ్ళుగా కట్టుకుంటున్నవాడికి పట్టీ కట్టుకోవడం నేనేం చెప్పాలి అని. డెబ్బై రెండు రాయడం మొదలుపెట్టాక వాడి దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టాలంటే ఎందుకో చెయ్యి రావడం లేదు.

తమ్ముడు తివాచీ మీద నిలబడ్డాడు. వెనకాల రెక్క పరిచి ఉంది. ముందు పెద్దావిడ, కొక్కేలతో వాడి హార్నెస్‌కి తగిలించి ఉంది.

"హెల్మెట్. ఛాతీ. కుడి కాలు. ఎడమ కాలు."

అప్పుడు టోపీ అరిచాడు, ఆ సంచేమిటి దారిలో అని. నిజమే. పెద్దావిడ మూట సరిగ్గా పరిగెత్తే దారిలో ఉంది. జీపాయన వచ్చి ఎత్తబోయాడు, ఎనభై ఏడు కిలోల పరాయి అలసట, మోకాలెత్తు కూడా లేవలేదు. నడుం పట్టుకుని కూలబడ్డాడు. టోపీ గడియారం చూపించి తమ్ముణ్ణి కేకేశాడు. తమ్ముడు కొక్కేలు విప్పి పెద్దావిణ్ణి నిలబడమని, వంగడానికి అడ్డమని కాళ్ళ పట్టీలు రెండూ విప్పుకుని వెళ్ళాడు. వాడూ, నడుం పట్టుకునే లేచిన జీపాయనా కలిసి దాన్ని శవాన్ని ఈడ్చినట్టు ఈడ్చి తివాచీ పక్కకి, మూడడుగులు తెచ్చి అక్కడే వదిలేశారు. తమ్ముడు మోకాళ్ళ మీద చేతులుంచి కాసేపు వంగే ఉన్నాడు. తర్వాత వచ్చాడు, పెద్దావిణ్ణి తగిలించుకున్నాడు, చెయ్యి కొక్కేల మీద పెట్టాడు.

"కొక్కేలు," అన్నాడు. "పిన్ను. తాళ్ళు. గాలి, ఎదురుగా. ఆకాశం ఖాళీ."

కాటా అక్క బల్ల దగ్గరుంది. పెద్దావిడ గడిలో నలభై నాలుగు రాసి, తమ్ముడి గడికొచ్చింది. అన్నీ విన్నది. చెవికి తొమ్మిదీ చేరాయి, నాలుగు ముందు, ఐదు తర్వాత. లెక్క సరిపోయింది. చెవికి లెక్క తెలుసు గానీ విప్పిన సంగతి తెలియదు.

"అమ్మా, నేను నడవమన్నప్పుడు నడవండి, కూర్చోకండి."

ఏడు రాసి రెండు రాయబోతుంటే చిన్న చప్పుడు వినిపించింది. టిక్, టిక్. ఇనుముకి ఇనుము తగులుతున్న చప్పుడు. కట్టిన బకిల్ మాట్లాడదు. మాట్లాడుతోందంటే అది కట్టలేదు.

తలెత్తింది. తమ్ముడి తొడల వెనక రెండు పట్టీలూ గాలికి ఊగుతున్నాయి. రెక్క అప్పటికే చప్పుడు చేస్తూ లేచి నెత్తి మీదికి వచ్చేసింది. వాడు మొదటి అడుగు వేశాడు. అంచు ఇంకో ఐదడుగులు. అంచు దాటితే పెద్దావిడ గాల్లో ఉంటుంది, పట్టీలన్నీ కట్టి ఉన్నాయి. వీడు మాత్రం హార్నెస్‌లోంచి కిందికి జారుతాడు, చొక్కా విప్పినట్టు. ఆ తర్వాత రెక్క ఎవరూ నడపకుండా పెద్దావిణ్ణి ఎటో పట్టుకుపోతుంది.

అరిస్తే వినపడదు. హెల్మెట్టు, రెక్క హోరు. పట్టుకుంటే ఆగరు, ఆవిడ ఒళ్ళెంత, యాభై. ఆవిడ పరిగెత్తింది. ఏం చేద్దామని పరిగెత్తిందో తనకే తెలియదు. కాలికి పెద్దావిడ మూట తగిలింది. రెక్కలు సర్దే సంచి కనక దానికి పొడుగాటి పట్టా, చివర ఇనప కొక్కెం ఉన్నాయి. ఆ కొక్కేన్ని లాక్కుని తమ్ముడి వీపు వెనకున్న గుడ్డ కడియానికి తగిలించింది. ఠక్కుమంది.

సరిగ్గా అప్పుడే కింద నుంచి గాలి విసురు వచ్చింది. రెక్క విల్లులా వంగింది. పెద్దావిడ కాళ్ళు నేల విడిచాయి. తమ్ముడి మునివేళ్ళు మాత్రం నేల మీద ఉన్నాయి. పట్టా బిర్రబిగిసింది. మూట కదల్లేదు. ఇసక రేణువంత కూడా కదల్లేదు. పదకొండేళ్ళు ఒక మంచం పక్కన కూర్చున్న అలసట అది, గాలికి లేస్తుందా.

తమ్ముడికి వీపులో ఏదో పట్టుకున్నట్టయి వెనక్కి తిరిగాడు. అక్క మొహం చూశాడు. ఏమీ అడక్కుండా రెక్క తాళ్ళని పట్టి ఉంచే వెనక వార్లు రెండూ చేతికి చుట్టి కిందికి లాగాడు. రెక్క ముడుచుకుని, దులిపిన దుప్పటిలా వాళ్ళ వెనక తివాచీ మీద పడింది. పెద్దావిడ పాదాలు మళ్ళీ గడ్డికి ఆనాయి.

"అయిపోయిందా బాబూ?" అంది పెద్దావిడ. "బానే ఉంది. కాస్త తొందరగా అయిపోయింది."

ఎవరూ నవ్వలేదు. కాటా అక్క వంగి, వేలాడుతున్న పట్టీ ఒకటి తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"చెప్పాను కదా అక్కా," అన్నాడు వాడు. "కుడి కాలు, ఎడమ కాలు. చెప్పాను."

"చెప్పావు. తర్వాత విప్పావు."

వాడు మూట వంక చూశాడు, ఈడ్చిన చారిక వంక చూశాడు. అప్పుడు అర్థమైంది. నిలబడ్డ చోటే కూర్చుండిపోయాడు, పెద్దావిడ కూడా వాడితో పాటే కూర్చోవాల్సి వచ్చింది, తగిలించి ఉంది కనక.

"మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టలేదు," అన్నాడు.

"లేదు. నేను చెయ్యి పెట్టలేదు."

ఆవిడ కొక్కేలు విప్పి పెద్దావిణ్ణి లేపింది, తమ్ముణ్ణి జబ్బ పట్టుకుని కాటా దగ్గరికి తీసుకొచ్చింది. టోపీ అడ్డం వచ్చి, చీటీలో ఇంకా ఏడుగురున్నారు, గాలి బావుంది, పట్టీ కట్టుకుని కానివ్వమనండి అన్నాడు. ఆవిడ ఆయన్ని దాటుకుని వెళ్ళి హార్నెస్ విప్పించి, ఎక్కమంది. వాడు ఎక్కాడు. ముల్లు అందరి ముందూ తిరిగి నూట మూడు దగ్గర ఆగింది.

రిజిస్టర్‌లో సగం రాసిన ఏడుని కొట్టేసి నూట మూడు అని రాసింది. తర్వాత పేజీలు వెనక్కి తిప్పింది. డెబ్బై రెండు, డెబ్బై రెండు, డెబ్బై రెండు. రెండేళ్ళ మేర ఒకే అంకె, ఒకే చేతి రాత.

"ఇవన్నీ అబద్ధాలే సార్," అంది. "రాసిన చెయ్యి నాది. తియ్యాలనుకుంటే నన్ను తియ్యండి. వీడు మాత్రం ఈ రోజు ఎగరడు."

టోపీ టోపీ తీశాడు. నెత్తి మీద జుట్టు లేదని ఆ రోజే అందరికీ తెలిసింది. చాలాసేపు ముల్లు వంక చూసి, మళ్ళీ పెట్టుకుని, మరి ఈ ఏడుగుర్నీ ఏం చెయ్యనమ్మా అన్నాడు, మెల్లిగానే.

"పొడుగాయన ఎంతమందిని మోయగలిగితే అంతమంది. మిగతావాళ్ళు కొండ చూస్తారు. కొండ చూడ్డానికే కదా వచ్చింది."

*

తమ్ముడు షెడ్డులో బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ సంచి మూతి రెండు చేతులా పట్టుకుని, లోపలికి చూడకుండా మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది. పదింటికి మొదలుపెడితే రెండైంది.

వాడు చెప్పిన వాటిల్లో పెద్దవేం లేవు. రోజుకి ఎనిమిదిసార్లు జీపులో ఎగిరెగిరి పడే నడుం గురించి చెప్పాడు. ఫోటోల కోసం నవ్వి నవ్వి బిగుసుకుపోయిన దవడల గురించి. ఎప్పుడూ గాల్లో ఉంటావు, నీకేమయ్యా అదృష్టవంతుడివి అన్నవాళ్ళ గురించి, వాళ్ళలో చాలామంది ఆ మాట అన్నాక తన మీదే వాంతి చేసుకోవడం గురించి. వాన పడే రోజుల కోసం పిల్లాడిలా ఎదురు చూడటం గురించి. చివరికి మూడో అడుగు గురించి చెప్పాడు. ప్రతిసారీ మూడో అడుగు దగ్గర భయమేస్తుందట. పద్నాలుగేళ్ళుగా, ఒక్కసారి కూడా తప్పకుండా. ఎవరికీ చెప్పలేదట. ఎగిరేవాడికి భయమని తెలిస్తే ఎవరు ఎక్కుతారు.

సంచి మూతి పట్టుకున్న చేతుల్ని ఆ మాట బరువు ఒకసారి కిందికి లాగింది. ఆవిడ వదల్లేదు.

చెబుతూ చెబుతూ వాడు బెంచీ మీద పక్కకి ఒరిగి నిద్రపోయాడు. ఆవిడ మూతి బిగించి, చీటీ మీద పేరు రాసి కట్టి, వాడి బూట్లు విప్పింది.

పెద్దావిడ మూడింటికి పొడుగాయనతో ఎగిరింది. ఆయన పట్టీల మీదా, ఆవిడ పట్టీల మీదా కాటా అక్క రెండేసిసార్లు చెయ్యి పెట్టింది. కింద దిగాక పెద్దావిడ మైదానంలో ఆగకుండా, జీపులో మళ్ళీ పైకి వచ్చింది. తన మూట తనకి కావాలంది. వదిలేసి పోయినా ఎవరూ ఏమీ అనరని జీపాయన ఆశగా చెప్పి చూశాడు, నడుం ఇంకా పట్టుకునే.

"అదేం మాట బాబూ. నాది కదా."

వంగి, పట్టా అందుకుని, మూటని ఒక్క ఊపులో భుజానికి ఎత్తుకుంది. నాలుగడుగులు వేసి, కాటా అక్క దగ్గర ఆగింది.

"దీనికీ ఒక పనుంటుందని ఇవాళే తెలిసిందమ్మాయ్," అని చెప్పి వెళ్ళిపోయింది. మడమ దగ్గర ధర చీటీ ఇంకా అలాగే ఉంది.

తమ్ముడు లేచేసరికి ఎండ షెడ్డు వెనక్కి తిరిగింది. మోకాళ్ళు కిర్రుమనలేదు. కాటా ఎక్కాడు, అరవై ఒకటి. దిగి, తన మూట పక్కనుంచే నడిచి తివాచీ దాకా వెళ్ళి, అంచున నిలబడి కిందికి చూసి వచ్చాడు. ఆ తర్వాత వాడు మనిషిని కట్టుకుని ఎగరలేదు. వచ్చే సీజన్ నుంచి ఎగిరేవాళ్ళందరి పట్టీల మీదా చెయ్యి పెట్టే పని వాడిదైంది. మధ్యలో టోపీ పిలిస్తే, మళ్ళీ హెల్మెట్ నుంచి మొదలుపెట్టేవాడు. కావాలనే రెండుసార్లు మొదలుపెట్టేవాడని పొడుగాయన అంటాడు. కానీ అదంతా తర్వాతి సంగతి.

ఆ సాయంత్రం జనం పోయాక, కాటా అక్క తివాచీ చుట్టి వచ్చేసరికి తమ్ముడు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. రిజిస్టర్ తెరిచి, పెన్ను పట్టుకుని.

"ఎక్కు," అన్నాడు.

"ఎక్కడికి?"

"కాటా ఎక్కు. ఇన్నేళ్ళలో నిన్నెవరూ తూచలేదు."

"నాదేముందిరా," అంది ఆవిడ. అన్నాక, అన్న మాట తన చెవినే పడి, నోరు మూసుకుంది.

వాడు నవ్వలేదు. పెన్ను కాగితం మీద ఆనించి కూర్చున్నాడు. ఆవిడ చెప్పులు విడిచి, ఎత్తరుగు ఎక్కుతున్నట్టు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు పెట్టింది. కాటా మూలిగింది. పైనుంచి చూస్తే ముల్లు తనకి కనపడదని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఎదుట కూర్చున్నవాడికే కనపడుతుంది.

"ఎంతరా?"

వాడు పెన్ను కాగితం మీంచి ఎత్తాడు.

"ఉండు అక్కా," అన్నాడు. "ఇంకా ఆగలేదు."

కళ్ళు ముల్లు మీదే ఉంచి, బల్ల కింద ఉన్న ఖాళీ సంచిని కాలితో మెల్లగా ఆవిడ వైపు తోశాడు.